మృత్యుముఖంలో హాస్యం: అలిశెట్టి ప్రభాకర్ నేపథ్యంలో ఒక నైతిక విచారణ

చావు తప్పదనీ, అది ఎంతో దూరంలో లేదనీ తెలిసిన రోగి హాస్యమాడితే లోకం దానిని ధైర్యమని మెచ్చుకుంటుంది. మెచ్చుకోలు సహజమే. అయితే ధైర్యం అనే ఒక్క మాటతో విచారణ ముగిస్తే రెండు ప్రశ్నలు అలాగే మిగిలిపోతాయి. ఆ నవ్వు ఎవరిని ఉద్దేశించింది? దానిని విని ఆనందించినవారిపై దానివల్ల పడే బాధ్యత ఏమిటి? మొదటి ప్రశ్నకు అలంకారశాస్త్రంలోనూ, చాటు సాహిత్యంలోనూ కొంత సమాధానం దొరుకుతుంది. రెండవది అంత సులువుగా తేలదు. కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చిన అలిశెట్టి ప్రభాకర్ జీవితం ఆ రెండవ ప్రశ్నను దాటవేయనివ్వదు.

జగిత్యాలలో పుట్టిన ప్రభాకర్ 1993 జనవరి 12న, తన పుట్టినరోజునాడే, హైదరాబాదులో క్షయవ్యాధితో మరణించాడు. అప్పటికి నలభై ఏళ్ళు నిండలేదు. అతడు చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్. జగిత్యాలలో ‘పూర్ణిమ’, కరీంనగర్‌లో ‘శిల్పి’, హైదరాబాదులో ‘చిత్ర’ పేర్లతో స్టూడియోలు నడిపాడు. ‘ఎర్ర పావురాలు’ (1978), ‘మంటల జెండాలు’ (1979), ‘చురకలు’ (1981), ‘రక్తరేఖ’ (1985), ‘సంక్షోభగీతం’ (1990), ‘సిటీలైఫ్’ (1992) అతడి సంపుటాలు. చివరి సంపుటిలోని చిట్టికవితలు ఆంధ్రజ్యోతి దినపత్రికలో శీర్షికగా ఏళ్ళ తరబడి వెలువడ్డాయి. నాలుగైదు పాదాలలో నగర జీవితాన్ని పట్టుకుని గిల్లి వదిలిపెట్టే కవితలవి. ఒళ్ళు క్షీణిస్తున్న కాలంలోనూ ఆ చేయి ఆగలేదు.

‘చురకలు’ అనే పేరు దగ్గర కాస్త ఆగవలసి ఉంది. చురక కాల్చేదే కానీ దహించేది కాదు. పల్లె వైద్యంలో వాత పెట్టడం చికిత్సగా కూడా చెలామణి అయింది. నొప్పి కలిగించడం, బాగుచేయబోవడం అనే రెండు అర్థాలూ ఆ మాటలో ఉన్నాయి. ప్రభాకర్ హాస్యం ఈ కోవకు చెందింది. అది ఓదార్పు కాదు, కాలక్షేపం అంతకన్నా కాదు. మృత్యువు ఎదుట నవ్వినవారి జాబితాలో అతడిని చేర్చేటప్పుడు ఈ భేదం మరుగున పడకూడదు.

రససిద్ధాంతం హాస్యానికీ, కరుణకూ పొత్తు కుదరదంటుంది. భయానక, కరుణలు హాస్యానికి విరోధులని సాహిత్యదర్పణం స్పష్టంగానే చెబుతుంది. శోకం స్థాయిగా ఉన్నచోట నవ్వు ప్రవేశిస్తే రసభంగమని దాని భావం. రంగస్థలం మీది ప్రేక్షకుడి దృష్టితో చూస్తే ఈ నియమం సమంజసమే. కానీ శోకానికి ఆలంబనమైన మనిషే నవ్వుతున్నప్పుడు పరిస్థితి మారుతుంది. భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని విభజించాడు. తాను నవ్వడం మొదటిది, ఇతరులను నవ్వించడం రెండవది. మృత్యుముఖంలో ఉన్నవాడి హాస్యంలో ఇవి రెండూ విడదీయరాకుండా కలిసిపోతాయి. అతడు తన స్థితిని చూసి తాను నవ్వుతాడు, ఆ నవ్వుతో ఎదుటివారిని శోకం నుంచి కాసేపు పక్కకు తప్పిస్తాడు. ఇక్కడ కరుణ భగ్నం కావడం లేదు. దాని కర్త మారుతున్నాడు. ఎవరిని చూసి అందరూ జాలిపడాలో అతడే అందరిపై జాలిపడుతున్నాడు.

తెలుగు చాటు సంప్రదాయానికి ఈ సంగతి తెలుసు. శ్రీనాథుడి అవసానదశకు చెందినవిగా ప్రచారంలో ఉన్న పద్యాలలో బొడ్డుపల్లె గుత్త కష్టం, కృష్ణ వరదలో పోయిన పంట, పిట్టలు తినిపోయిన తిలలు, పెసలు, చెల్లించలేని ఏడు నూర్ల టంకాలు వరుసగా వస్తాయి. అప్పుల పద్దులా సాగే ఆ వరుసలో వెక్కిరింత ధ్వనిస్తూనే ఉంటుంది. ఆదరించిన ప్రభువులంతా ముందే వెళ్ళిపోయారని చెప్పే పద్యం చివర, తాను వస్తున్నానని తెలిసి దేవలోకపు కవివరుడి గుండె దడదడలాడుతుందని కవి చమత్కరిస్తాడు. ఆ పద్యాలు శ్రీనాథుడివేనా అన్నది పరిష్కర్తలు తేల్చవలసిన విషయం. ప్రస్తుత చర్చకు ముఖ్యమైన సంగతి వేరు. సర్వమూ పోగొట్టుకున్న కవి నోట ఏడుపును కాక చమత్కారాన్ని ఉంచడమే తెలుగు సమాజానికి ఉచితమనిపించింది.

జగిత్యాలకు దగ్గరలోనే గోదావరి ఒడ్డున ధర్మపురి ఉంది. నరసింహస్వామి ఆలయ ప్రాంగణంలోనే యమధర్మరాజుకు గుడి ఉన్న క్షేత్రమది. అక్కడి శేషప్పకవి నరసింహశతకంలో మరణ ఘడియను గురించిన ప్రసిద్ధ పద్యం ఉంది. యమదూతలు వచ్చి నిలిచినప్పుడు, కఫం కమ్మి గొంతు పెగలనప్పుడు స్వామి పేరు తలచగలనో లేనో కనుక ఇప్పుడే తలుస్తున్నానని కవి అంటాడు. భక్తి సంగతి అలా ఉంచితే, ఇందులో ఒక నిష్కర్షమైన శారీరక జ్ఞానం ఉంది. ప్రాణం కంటే ముందు మాట పోతుంది. పోబోయే మాటను ఉన్నప్పుడే ఖర్చు చేయాలి. శేషప్ప దానిని నామస్మరణకు ఖర్చు చేశాడు. అదే సీమకు చెందిన ప్రభాకర్ రెండు శతాబ్దాల తరువాత చురకలకు ఖర్చు చేశాడు.

ఆ ఖర్చుకు గ్రహీత కావాలి. ప్లేటో ‘ఫీడో’లో సోక్రటీసును ఎలా పాతిపెట్టాలని క్రీటో అడిగితే, తనను పట్టుకోగలిగితే మీ ఇష్టం వచ్చినట్టు చేయండని అతడు నవ్వుతాడు. క్రీటో లేకపోతే ఆ హాస్యం లేదు. ఫ్రాయిడ్ 1927 నాటి వ్యాసంలో సోమవారంనాడు ఉరికంబానికి వెళ్తూ ఈ వారం భలేగా మొదలైందని అన్న ఖైదీ ఉదాహరణ ఇస్తాడు. అహం గాయపడటానికి ఒప్పుకోకపోవడమే అక్కడి హాస్యమని అతడి వివరణ. ఆ వివరణ సగమే చెబుతుంది. ఖైదీ ఆ మాట పైకి అన్నాడు, ఎవరో విన్నారు, అందుకే అది మిగిలింది. రోగి నిత్యం పుచ్చుకునేవాడుగానే ఉంటాడు. మందు, సేవ, సానుభూతి, అప్పు అన్నీ అతడి వైపే వస్తాయి. హాస్యం ఒక్కటే అతడి నుంచి బయటికి వెళ్ళేది. ఇచ్చేవాడి స్థానాన్ని నిలుపుకోవడం అందులోని నైతిక విలువ. ధైర్యం అన్న మాట ఈ సంబంధాన్ని చెప్పలేదు.

ఇచ్చిపుచ్చుకోవడానికి ఎదురెదురుగా ఉండనక్కరలేదు. దినపత్రిక శీర్షిక పాఠకులు ప్రభాకర్ దగ్గును వినలేదు, అతడి గొంతునే విన్నారు. ముఖపరిచయం లేని ఇటువంటి స్నేహాన్ని కృత్రిమమనడం తొందరపాటు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు ఇది కొత్త కాదు. దుబాయికో, మస్కట్‌కో పోయిన కొడుకు తల్లి రోగాన్ని ఫోన్‌లోనే విని, ఫోన్‌లోనే ధైర్యం చెప్పి, ఫోన్‌లోనే నవ్వించిన ఇళ్ళు ఇక్కడ లెక్కలేనన్ని. నేడు క్యాన్సర్ చివరిదశలో ఉన్నవారికి తెర మీద మాత్రమే తెలిసిన మిత్రులు తోడుగా నిలుస్తున్నారంటే అది ఈ అలవాటుకు కొనసాగింపే. ఇటువంటి మిత్రుల వల్ల ఒక మేలు ఉంది. వారి దృష్టిలో రోగి రోగి కాడు, ఒక మాటతీరు. ఇంట్లోవారి కళ్ళలో ప్రతిక్షణం తన శరీరాన్నే చూసుకోవలసి వచ్చే మనిషికి ఇది చిన్న విడుదల కాదు.

కీడు కూడా అక్కడే ఉంది. గొంతును మాత్రమే ఎరిగినవారు ఆ గొంతు ఎప్పుడూ అలాగే ఉండాలని ఆశిస్తారు. నిన్న నవ్వించినవాడు నేడు మూలిగితే నిరాశపడతారు. అప్పుడు హాస్యం దానం కాకుండా వెట్టి అవుతుంది. ఇంట్లోవారికి ఈ భ్రమ ఉండదు. రాత్రిళ్ళు గిన్నె పట్టుకునేది వారే కదా. దూరపు మిత్రుడు నవ్వుకు ఎంత కృతజ్ఞుడో మౌనానికి అంత అర్హత ఇవ్వగలిగినప్పుడే ఆ స్నేహం స్నేహం.

ఇక్కడ రెండు వ్యాధుల మధ్య తేడా చర్చించక తప్పదు. సూసన్ సొంటాగ్ 1978లో వెలువరించిన ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’ క్షయనూ, క్యాన్సర్‌నూ పక్కపక్కన నిలిపి, పాశ్చాత్య సాహిత్యం మొదటిదానిని సున్నితమైన కళాత్మల జబ్బుగా అలంకరించిందనీ, రెండవదానిని సిగ్గుపడవలసిన శిక్షగా మార్చిందనీ చూపింది. తెలుగులో ఈ రెంటికీ రాచరికం అంటగట్టడం విచిత్రం. క్షయ రాజయక్ష్మ, క్యాన్సర్ రాచపుండు. రోహిణి మీది పక్షపాతానికి దక్షుడి శాపంతో చంద్రుడికి క్షయ వచ్చిందన్న కథ వల్ల మొదటిదానికి కావ్యగౌరవం కూడా దక్కింది. రాచపుండుకు అటువంటి కథ లేదు. ఆ పేరు గట్టిగా పలకడానికే ఇళ్ళలో జంకేవారు. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు తొంభయ్యవ ఏట విలేకరులను పిలిచి తనకు క్యాన్సర్ ఉందని తానే ప్రకటించడం అందుకే సంచలనమైంది. 2014 జనవరి 22న ఆయన మరణించారు. చివరి చిత్రం ‘మనం’ ఆ తరువాతే విడుదలైంది. నిండు జీవితం గడిపి, వైద్యం చేయగలిగినంతా చేశాక, మిగిలినదానిని నిబ్బరంగా స్వీకరించిన మనిషి ఆయన. అక్కడ మెచ్చుకోలులో దోషం లేదు.

ప్రభాకర్ విషయంలో అదే మెచ్చుకోలు గొంతులో అడ్డుపడాలి. 1993 నాటికి క్షయ నయం కాని జబ్బు కాదు. స్ట్రెప్టోమైసిన్ 1940లలోనే వచ్చింది, రిఫాంపిసిన్ 1960లలో వచ్చింది. జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం 1962 నుంచి నడుస్తోంది. అతడు పోయిన ఏడాదిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయను ప్రపంచస్థాయి అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. సవరించిన జాతీయ కార్యక్రమం దేశంలో విస్తరించడం మొదలైంది 1997లో. క్షయకు మందు ఒక్కటే చాలదు. నెలల తరబడి విడవకుండా వేసుకోవాలి, కడుపునిండా తినాలి, గాలి వచ్చే గదిలో ఉండాలి, పనికి విరామం దొరకాలి. స్టూడియో అద్దె మీదా, శీర్షిక పారితోషికం మీదా బతికే కవికి వీటిలో ఏది ఎంతవరకు సమకూరుతుందో ఊహించడం కష్టం కాదు. చివరిదశ అన్న మాటను క్యాన్సర్‌కు శరీరశాస్త్రం నిర్ణయిస్తే, ఇక్కడ పేదరికం నిర్ణయించింది.

కనుక, చావును నవ్వుతూ ఎదిరించిన కవి అని అతడిని కీర్తించే వాక్యం వినడానికి ఎంత నిండుగా ఉన్నా, అది ఎవరికి ఊరట ఇస్తున్నదో చూడాలి. తప్పించగలిగిన మరణాన్ని తప్పనిదిగా చూపి, దానిని ఎదుర్కొన్న తీరును పొగడటం వల్ల తేలికపడేది మరణించినవాడి మనసు కాదు, చుట్టూ ఉన్న సమాజపు మనసు. ఆ పొగడ్తలో నవ్వు ఒక రసీదు అవుతుంది. అతడికే ఫిర్యాదు లేదు కదా, మనకెందుకు అనే తర్కానికి సాక్ష్యమవుతుంది.

ఇంతకీ ప్రభాకర్ నవ్వులో ఫిర్యాదు లేదా? చురక అన్న పేరే సమాధానం చెబుతుంది. సోక్రటీసు నవ్వు మృత్యువుతో సంధి చేసుకుంది. శ్రీనాథుడి చాటువు సంధికీ, వెక్కిరింతకూ మధ్య ఊగుతుంది. ప్రభాకర్ హాస్యం మృత్యువును పెద్దగా లక్ష్యపెట్టదు. మనిషిని ఆకలికీ, అద్దెకూ, అంగడికీ అప్పగించిన ఏర్పాటును గురి చూస్తుంది. దానిని ఒక వ్యక్తి ఆత్మనిబ్బరంగా కుదించి చదవడం సాహిత్య విమర్శగా కూడా పొరపాటే. మిత్రుల సాయం లేదని దీని అర్థం కాదు. 2013లో జయధీర్ తిరుమలరావు, నిజాం వెంకటేశం, బి. నర్సన్ కలిసి అతడి కవిత్వమంతా ఒకచోట చేర్చి ప్రచురించారు. మరణించిన ఇరవై ఏళ్ళకు కూడా మిత్రులు అంత శ్రమ తీసుకోవడం తెలుగు కవులలో అందరికీ దక్కిన భాగ్యం కాదు. అయినా మిత్రులు మోయగల బరువుకు హద్దు ఉంటుంది. ఆసుపత్రి, మందు, పౌష్టికాహారం చేయవలసిన పనిని స్నేహం మీద వదిలేయడం స్నేహానికి గౌరవం కాదు.

క్యాన్సర్ విషయంలోనూ ఈ విచారణ ఒక దగ్గర వర్తిస్తుంది, అది నొప్పి. హాస్యానికి తన స్థితి నుంచి ఒక బెత్తెడు ఎడం కావాలి. నిద్రపట్టనివ్వని నొప్పి ఆ ఎడాన్ని మింగేస్తుంది. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ఖరీదైనది కాదు. కానీ 1985 నాటి మత్తుమందుల చట్టం విధించిన అనుమతుల చిక్కుల వల్ల అది దశాబ్దాల పాటు ఎన్నో ఆసుపత్రులకు చేరలేదు. 2014 సవరణతో ఆ చిక్కులు కొంత సడలాయి. హైదరాబాదులో 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి ఆదిలాబాద్ నుంచి దాదాపు మూడు వందల కిలోమీటర్లు. ఉట్నూరు నుంచో, ఆసిఫాబాద్ నుంచో బయలుదేరే రోగి బస్సు కిటికీ పక్కన కూర్చుని, దూరాన ఉన్న మిత్రుడు పంపిన హాస్యోక్తిని ఫోన్‌లో చూసి నవ్వగలడా లేదా అన్నది, అతడి స్వభావం మీద ఎంత ఆధారపడుతుందో ఆ పూట వేసుకోవలసిన మాత్ర తన ఊళ్ళోనే దొరికిందా అన్నదాని మీద కూడా అంతే ఆధారపడుతుంది.