పొరుగువాని గాయము కట్టే చేతులు

వాక్యభాగము: లూకా సువార్త 10:25–37, 1 కొరింథీయులకు 12:12–27



రెండు నెలల క్రితం ఒక ఆదివారం. ఆరాధన ముగిసింది. హాలు వెనుక బల్లల మీద బిర్యానీ ట్రేలు పెట్టారు. అందరం ప్లేట్లు పట్టుకుని కబుర్లలో ఉన్నాం. ఇండియా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన తింటూ తింటూ ఆగిపోయారు. పొలమారిందనుకున్నాం. ఒక అక్క ఆయన నెత్తి మీద తట్టి, "ఎవరో తలచుకుంటున్నారండీ" అంది. ఇంకొకరు మంచినీళ్లు తెచ్చారు. ఆయన దగ్గడం లేదు, మాట్లాడడం లేదు. రెండు చేతులూ గొంతు మీద పెట్టుకున్నారు. పెదవులు నీలంగా మారుతున్నాయి. "ప్రార్థన చేయండి!" అని ఎవరో కేక వేశారు. చేశాం. నేనైతే కళ్లు గట్టిగా మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి మన సండే స్కూల్లో పెరిగిన ఒక అమ్మాయి, తొమ్మిదో తరగతి పిల్ల, ఆయన పక్కన నిలబడి ఉంది. "తాతయ్యా, ఊపిరి ఆడడం లేదా?" అని అడిగింది. ఆయన తల ఊపారు. వాళ్ల అన్నను 911కి ఫోన్ చేయమంది. ఆయన్ని ముందుకు వంచి, వీపు మీద రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి అడుగుభాగంతో ఐదుసార్లు గట్టిగా కొట్టింది. ఏమీ రాలేదు. వెనక్కి వెళ్లి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో పట్టుకుని లోపలికి, పైకి గుంజింది. మూడోసారికి మాంసం ముక్క బయటపడింది. ఆయన ఊపిరి పీల్చిన శబ్దం నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. దేవునికే స్తోత్రము.

"ఎక్కడ నేర్చుకున్నావు తల్లీ?" అని తర్వాత అడిగాను. "హెల్త్ క్లాసులో అంకుల్. ఫైనల్ ఎగ్జామ్‌కి రివ్యూ చేస్తున్నాం కదా, అందుకే గుర్తుంది" అంది.

టెక్సాస్‌లో 7 నుంచి 12 తరగతుల మధ్య ప్రతి విద్యార్థికీ సీపీఆర్ నేర్పాలని 2013లో చట్టం వచ్చింది. మనమేమో పదో తరగతిలో గుండె బొమ్మ ఎరుపు, నీలం పెన్సిళ్లతో అందంగా గీశాం. ఎముకలు 206 అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుని శరీరం సంగతి అక్కడితో వదిలేశాం. అర్ధరాత్రి సర్వరు ఆగిపోతే ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో రాసిపెట్టుకున్న కాగితం నా దగ్గర ఉంది. మనిషి ఊపిరి ఆగిపోతే ఏం చేయాలో మాత్రం నాకు తెలియదు. ఆ శనివారం సిగ్గు పడకుండా ఆ పిల్లల పక్కన కూర్చుని వాళ్ల రివ్యూ షీటు మొదటినుంచి చదివాను. అందులో నేర్చుకున్నదే వాక్యపు వెలుగులో మీతో పంచుకుంటున్నాను.

1. ఒక అవయవము బాధపడితే

శ్వాస, రక్తప్రసరణ, నాడులు, జీర్ణక్రియ, ఎముకలు, కండరాలు అంటూ ఆ కాగితంలో ఒక్కో వ్యవస్థకు ఒక్కో గడి ఉంది. పరీక్ష కోసం విడివిడిగా రాశారు గానీ దేవుడు వాటిని విడివిడిగా నడిపించడం లేదు. గొంతులో ఆహారం దిగే దారి, గాలి వెళ్లే దారి పక్కపక్కనే ఉంటాయి. మింగే ప్రతిసారీ ఒక చిన్న మూత గాలిదారిని కప్పుతుంది. తింటూ మాట్లాడినా, నవ్వినా ఒక్కోసారి ముక్క తప్పుదారిలో పడుతుంది. గాలి వెళ్లకపోతే రక్తానికి ప్రాణవాయువు అందదు. అది అందని మెదడు కణాలు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లోనే చనిపోవడం మొదలవుతుంది. ముక్క ఇరుక్కున్నది గొంతులో, ప్రమాదం మెదడుకు.

కొరింథు సంఘానికి పౌలు రాసినది ఇదే కదా. ఒక్క అవయవానికి నొప్పి కలిగితే శరీరమంతా ఆ నొప్పిలో పాలు పొందుతుందని, బలహీనంగా కనిపించే అవయవాలే మరీ అవసరమైనవని ఆయన బోధించాడు. ఆ రోజు హాల్లో పాస్టరుగారు, పెద్దలు, మేనేజర్లు, ఆర్కిటెక్టులు అందరం ఉన్నాం. దేవుడు వాడుకున్నది పద్నాలుగేళ్ల పిల్లను. పెద్దలు మాట్లాడుకునేటప్పుడు పక్కకు వెళ్లి ఆడుకోమని మనం పంపేసే పిల్లల్లో ఆమె ఒకతె.

2. సమరయుడు దగ్గరకు వెళ్లాడు

మంచి సమరయుని ఉపమానం మనకు లూకా సువార్తలో మాత్రమే దొరుకుతుంది. లూకా వైద్యుడని కొలొస్సయులకు 4:14 చెబుతోంది. సమరయుడు చేసిన పనులు లెక్కపెట్టండి. చూశాడు, జాలిపడ్డాడు, దగ్గరకు వెళ్లాడు, నూనె ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, డబ్బు కట్టాడు. నూనె, ద్రాక్షారసం ఆ కాలపు మందులు. ప్రయాణంలో అవి అతని దగ్గర ఉన్నాయి. మన కారులో ఏముంది?

ఈ దేశంలో ఆపదలో ఉన్నవారికి మంచి మనస్సుతో సాయం చేసినవారిని కాపాడే చట్టాలు 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉన్నాయి. వాటి పేరే 'మంచి సమరయుని చట్టం'. ముట్టుకుంటే మనమీద కేసు వేస్తారేమో అన్న భయంతో ప్రక్కగా వెళ్లిపోవద్దు.

ఇంకో భయం కూడా ఉంది. మన ఇళ్లకు వచ్చే అమ్మానాన్నలకు సరైన ఇన్సూరెన్సు ఉండదు. బిల్లు ఎంతవుతుందో అని 911కి ఫోన్ చేయడానికి వెనకాడతాం. డబ్బు కట్టగలరా లేదా అని చూడకుండా, ఎమర్జెన్సీకి వచ్చిన రోగిని పరీక్షించి ప్రాణాపాయం నుంచి నిలబెట్టాలని 1986 నాటి ఫెడరల్ చట్టం ఆసుపత్రులకు చెబుతోంది. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే. సమరయుడు కూడా మిగతా ఖర్చు తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ముందు మనిషిని చేర్చాడు.

3. ప్రార్థన చాలదా?

మనలో కొందరికి ఈ ప్రశ్న ఉంటుంది. ఆసా రాజు వైద్యులను నమ్ముకున్నాడు కదా అని 2 దినవృత్తాంతములు 16:12 చూపిస్తారు. ఆ వచనం జాగ్రత్తగా చదవండి. అతడు రోగములో యెహోవాను వెదకలేదన్నదే అక్కడి తప్పు. ఆకలితో, చలితో ఉన్నవారిని మంచి మాటలు చెప్పి పంపేస్తే ఏమి ప్రయోజనమని యాకోబు రెండో అధ్యాయంలో అడుగుతాడు. త్రోయలో ఐతుకు మూడో అంతస్తు నుంచి పడినప్పుడు పౌలు ఏం చేశాడు? ప్రసంగం ఆపి క్రిందికి దిగి వెళ్లాడు, ఆ యౌవనస్థుణ్ణి కౌగిలించుకున్నాడు (అపొ. కార్య. 20:9–12).

నా జీవితంలోని ఒక మాట చెప్పాలి. కొన్నేళ్ల క్రితం గుంటూరు దగ్గర మా ఊరి నుంచి నాన్నగారు ఫోన్ చేశారు. ఛాతీలో బరువుగా ఉందని, చెమటలు పడుతున్నాయని అన్నారు. "గ్యాస్ అయివుంటుంది నాన్నా, మాత్ర వేసుకుని పడుకోండి, నేను ప్రార్థన చేస్తాను" అన్నాను. నిజంగానే మోకాళ్లూని ప్రార్థించాను. 108కి ఫోన్ చేయమని మాత్రం చెప్పలేదు, తెలియక. తెల్లవారేసరికి ఆయన లేరు. అంబులెన్సు వచ్చి ఉంటే బతికేవారని నేను చెప్పలేను. మన దినములు ప్రభువు చేతిలో ఉన్నాయి. ఆయన నన్ను క్షమించాడని నమ్ముతున్నాను. కానీ నాకు రాని ఆ ఒక్క మాట మీకు రావాలని ఇది రాస్తున్నాను.

4. ఇవి గుర్తుంచుకుందాం

గుండెపోటు: ఛాతీలో బరువు, ఎడమచేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, చెమటలు, ఆయాసం. స్త్రీలలో వికారం, నీరసం మాత్రమే కనిపించవచ్చు. మన దక్షిణాసియా వారికి గుండెజబ్బు ఎక్కువగా, చిన్న వయసులోనే వస్తుంది. గ్యాస్ అని మీరే తేల్చేయకండి. ఫోన్ చేయండి.

గుండె ఆగితే: పిలిచినా పలకక, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే 911 చేసి స్పీకరులో పెట్టండి. అటువైపు వారు చెబుతూనే ఉంటారు. ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికి కనీసం రెండు అంగుళాల లోతుకు నొక్కండి. ఏఈడీ పెట్టె తెప్పించండి. తెరిస్తే ఏం చేయాలో అదే చెబుతుంది.

పక్షవాతం: ముఖం ఒక పక్కకు జారడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడడం. ఎప్పుడు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి.

గొంతులో అడ్డుపడితే: గట్టిగా దగ్గగలిగితే దగ్గనివ్వండి. దగ్గు, మాట రాకపోతే వీపు మీద ఐదు దెబ్బలు, పొట్ట మీద ఐదు గుంజులు, ముక్క వచ్చేదాకా మార్చి మార్చి చేయండి. గర్భిణులకు ఛాతీ మీద చేయాలి. ఏడాది లోపు పసిబిడ్డకు పొట్ట నొక్కకూడదు, వీపు మీద, ఛాతీ మీద మాత్రమే. స్పృహ తప్పితే సీపీఆర్ మొదలుపెట్టండి. నెత్తి మీద తడితే ముక్క రాదు. నీళ్లు పోస్తే ప్రమాదం.

ఫిట్స్: చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో ఏమీ పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే 911 చేయండి.

కాలిన గాయం: టూత్‌పేస్టు, ఇంకు, పసుపు వద్దు. పది నుంచి ఇరవై నిమిషాలు కుళాయి చల్లనీళ్ల కింద పెట్టండి.

చదివితే సగమే వస్తుంది, చేతులతో చేస్తేనే పూర్తిగా వస్తుంది. వచ్చే నెల రెండో శనివారం మన యూత్ పిల్లలు ఉపవాస ప్రార్థన తర్వాత బొమ్మ మీద సీపీఆర్ చేసి చూపిస్తారు. ఈసారి వాళ్లు ఉపాధ్యాయులు, మనం విద్యార్థులం. మనం అద్దెకు తీసుకునే హాల్లో ఏఈడీ ఎక్కడుందో ఈ ఆదివారమే చూసి రండి. ఇంటికి వెళ్లాక ఇండియాలోని అమ్మానాన్నలకు ఫోన్ చేసి, 108 నంబరు వాళ్ల ఫోనులో ఉందో లేదో అడగండి.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, మా దేహములను ఆశ్చర్యముగా నిర్మించినందుకు నీకు స్తోత్రములు. పొరుగువాడు పడిపోయినప్పుడు భయముతో ప్రక్కగా పోకుండా మాకు జాలిని, ధైర్యమును, నేర్చుకునే మనస్సును దయచేయుము. మా పిల్లల యొద్ద నేర్చుకొనుటకు మమ్మును తగ్గించుము. మా తప్పిదముల జ్ఞాపకముతో కుమిలిపోతున్న వారిని ఆదరించుము. మా చేతులను నీ సేవకు వాడుకొనుమని యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.