చెద తిన్న స్తంభం

పాత ఇల్లు అమ్మేటప్పుడు దాని లోపం అడిగితే చెబితే చాలా, అడక్కపోయినా చెప్పాలా?

మార్కాపురం, గిద్దలూరు వైపు పాత మిద్దెల్లో ఈ ప్రశ్న కర్ర దగ్గర మొదలవుతుంది. గోడలు రాయీ మట్టీ అయినా, మట్టి కప్పు బరువు మోసేది దంతెలు, దూలాలు, వాటి కింద స్తంభాలు. చెద నేలలోంచి వచ్చి స్తంభం మొదట్లో చేరుతుంది. లోపలంతా తినేసి పైపొర వదిలేస్తుంది. దానిమీద రంగు వేస్తే ఇక కనబడదు. వేళ్ళతో కొడితే మాత్రం డొల్ల మోత. ఎక్కడ కొట్టాలో ఆ ఇంట్లో బతికినవాళ్ళకే తెలుసు.

గిద్దలూరు దగ్గర మా తాత కట్టిన మిద్దెని అమ్మకానికి పెట్టాం. కూతురి పెళ్ళి అప్పు తీరాలంటే మా చిన్నాయనకి ఆ డబ్బు కావాలి. "కొనేటోడికి కళ్ళు లేవా? చూసుకోవాల్సింది వాడే గదా" అంటాడాయన. "ఎట్లాగూ పడగొట్టి స్లాబ్ వేసుకుంటారులే" అంటాడు మధ్యవర్తి.

క్రీ.పూ. 44లో రోమన్ రచయిత సిసెరో తన కొడుక్కి రాసిన ధర్మాల పుస్తకంలో అచ్చం ఇలాంటి ఇల్లే ఉంది. కర్ర చెడి కూలేలా ఉంది, ఆ సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలీదు. కొనమని బలవంతపెట్టలేదు కదా, చెప్పక్కర్లేదంటాడు డయోజెనీస్ అనే తాత్వికుడు. తెలిసి తెలిసి ఒకణ్ణి నష్టంలోకి దించడం, దారి తప్పినవాడికి దారి చూపకపోవడం కన్నా పెద్ద తప్పంటాడు ఆంటిపేటర్. సిసెరో తీర్పు: ఊరుకోవడమల్లా దాచడం కాదు, ఎదుటివాడికి అవసరమైన సంగతిని నీ లాభం కోసం తెలియనివ్వకపోతే అది దాచడమే.

మన చట్టమూ దగ్గర్లోనే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిస్తే చెప్పి తీరాలి. చెప్పకపోతే మోసం కింద లెక్క.

కాబట్టి చిన్నాయన మాట కనబడే పగుళ్ళకి చెల్లుతుంది, చెదకి చెల్లదు. మధ్యవర్తి మాటకి జవాబు ఇంకా సులువు. పడగొట్టేది కూలీలు. ఆ దూలం కింద నిలబడేది వాళ్ళే. పడగొట్టేదాకా ఆ ఇంట్లో ఎవరో ఒకరు పడుకుంటారు కూడా.

మా సాఫ్ట్‌వేర్ పనిలో తెలిసిన బగ్గుల జాబితా ఇచ్చి చేతులు దులుపుకుంటాం. ఇక్కడ అది చాలదు. కొనేవాణ్ణి నడవలో స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి, కొట్టి వినిపించాలి. ధర తగ్గుతుంది, చిన్నాయనకి కష్టమే. కానీ ఆ తగ్గే డబ్బు మనది కాదు. దాన్ని చెద ఎప్పుడో తినేసింది.