మేక పోయింది, ఆకాశం మిగిలింది

డిస్టోపియా నవలలు వరసపెట్టి చదువుతున్న రోజుల్లో, సెలవులకు రుద్రంగి పోయి మా బాపమ్మను అడిగాను: "లోకం మునిగిపోతదని నువ్వెప్పుడన్న భయపడ్డవా?"

"స్కైలాబ్ అప్పుడు" అంది, తడుముకోకుండా.

1979 జులై. దాదాపు 77 టన్నుల అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని అప్పటి కరీంనగర్ జిల్లా పల్లెలు వణికిన రోజులు. (ఆ భయం మీద 2021లో 'స్కైలాబ్' సినిమా కూడా వచ్చింది. కథ జరిగేది బండలింగంపల్లిలో.)

"ఎట్లైనా పోతమని సాదుకున్న మ్యాకను కోసినం బిడ్డా. పదేండ్ల సంది మాటల్లేని పాలోళ్ళను గూడ పిలిచినం. తెల్లారి సూస్తే ఆకాశం ఆడ్నే ఉన్నది. మ్యాక లేదు."

జులై 11న దాని ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. అక్కడి ఎస్పెరెన్స్ స్థానిక పాలకులు, మా ఊళ్ళో చెత్త వేశారంటూ అమెరికాకు 400 డాలర్ల జరిమానా రాశారు. చివరికి 2009లో ఓ అమెరికన్ రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందాలు పోగేసి కట్టాడు. నాకు తేడా ఇక్కడే దొరికింది. పైన ఉన్నంతసేపూ అది యుగాంతం. నేల మీద పడ్డాక చలానా.

యుగాంతంలో ఓ సుఖముంది, ఒప్పుకోవాలి. అప్పు తీసుకున్నోడూ పోతాడు, ఇచ్చినోడూ పోతాడు. డిస్టోపియాలో ఎవరూ పోరు. రేపు రమ్మంటారు.

మొన్న బాపమ్మతో రేషన్ షాపుకు పోయాను. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. బొటనవేలు, చూపుడువేలు, కొంగుకు తుడిచి మళ్ళీ బొటనవేలు. మిషన్ ఒప్పుకోలేదు. ఆమె ముందే పెరిగిన డీలరు "నాకు తెల్వదా అవ్వా నువ్వెవరో? దీనికే తెల్వది. రేపు రా" అన్నాడు. మంచోడే. తిడదామంటే మనిషి దొరకలేదు.

వెనక వరుసలోవాళ్ళు విసుక్కున్నారు. వాళ్ళ చోట నేనున్నా విసుక్కునేవాణ్ణే. అందరం ఒకేసారి పోతామన్నప్పుడు మేకను పంచుకోవడం ఏమంత గొప్ప? ముందున్న ఒక్కామె వేలే పడనప్పుడు, మన సంచి నింపుకుని ఇంటికెట్లా పోతాం? నేనైతే పోతాను. చాలాసార్లు పోయాను కూడా.

ఖాళీ సంచితో తిరిగొస్తూ అడిగాను: "అప్పుడు పిలిచిన పాలోళ్ళతోని మాటలు కలిసినయా మరి?"

"యాడియి? మాకు బొక్కలే ఏసిండ్రని తెల్లారే లొల్లి వెట్టుకున్నరు."