హద్దురాయి ఎవర్ని అడుగుతుంది?

రొళ్ల మడకశిర సీమలో ఓ మూల. కర్ణాటకకు ఆనుకుని ఉంటుంది. ఇక్కడి ముస్లింకు ఇంట్లో ఉర్దూ, బజార్లో కన్నడం, ఆఫీసులో తెలుగు. మూడూ అతనివే. ఏదీ పరాయిది కాదు.

పటం తెరిచి చూడండి. మడకశిర కర్ణాటకలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. పక్కనే కర్ణాటక వాళ్ళ పావగడ. దాని చుట్టూ దాదాపు అంతా ఆంధ్ర నేలే. ఇంత వంకర గీత ఎవరు గీశారు? ఏరు గీయలేదు, కొండ గీయలేదు, భాష అంతకన్నా గీయలేదు. 1799 మే 4న టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నంలో నేలకొరిగాడు. గెలిచినవాళ్ళు రాజ్యాన్ని పంచుకున్నారు. 1792లోనూ 1799లోనూ తన వాటాకు వచ్చిన సీమలను నిజాం 1800లో కుంపిణీకి ధారపోశాడు. అవే దత్తమండలాలు. మడకశిర, పెనుకొండ అందులోకి వచ్చాయి. పావగడ మైసూరుకు మిగిలింది. శిస్తు ఎవరికి కట్టాలన్న లెక్కే ఆ గీత. 1953లో బళ్లారి మైసూరుకు పోయింది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలొచ్చాయి. అయినా కన్నడం మాట్లాడే ఊళ్ళు ఇటూ, తెలుగు మాట్లాడే ఊళ్ళు అటూ ఉండిపోయాయి.

ఆ గీత వెంబడి పాత రాళ్ళను వెతికేవాళ్ళకు ఏం దొరుకుతుంది? గట్టుమీద తుమ్మచెట్ల కింద సగం పూడుకుపోయిన బండరాయి. దానికి ఓ గుర్తు. అంతే. ఇటువాడిది ఏ మతమో, అటువాడిది ఏ భాషో ఆ రాయిమీద ఉండదు. అది మనిషిని అడగదు. నేలను మాత్రమే చెబుతుంది.

మరి మనల్ని అడుగుతున్నదెవరు? రొళ్ల ముస్లిం పనిమీద శిరాకు పోతాడు, మధుగిరికి పోతాడు. రాష్ట్రం దాటినా ఎవరూ నిలదీయరు. కానీ సుమారు 2000 కిలోమీటర్ల అవతల ఇంకో గీత ఉంది. 1947 ఆగస్టు 17న ప్రకటించిన రాడ్‌క్లిఫ్ గీత. ఇతని తాత దాన్ని చూడలేదు, ఇతనూ చూడలేదు. క్రికెట్ మ్యాచ్ వచ్చినా, ఎక్కడో బాంబు పేలినా ఆ గీత ఇతని గుమ్మం ముందుకు వచ్చి నిలబడుతుంది. నువ్వు అటా, ఇటా? రోజూ దాటే హద్దు అడగని ప్రశ్న, ఎన్నడూ చూడని హద్దు అడుగుతోంది. ఇదెక్కడి న్యాయం?

అలాగని రాళ్ళన్నీ పీకేద్దామా? తొందరపడొద్దు. అనంతపురం, బళ్లారి మధ్య ఓబుళాపురం గనుల దగ్గర సరిహద్దు గుర్తులు చెరిపేశారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడ రాయి అడ్డమనిపించింది మనుషుల్ని కలపాలనుకున్నవాళ్ళకా? ఇనుప ఖనిజం తవ్వుకునేవాళ్ళకు. హద్దు చెరిగితే లాభపడేది ఎప్పుడూ బలవంతుడే. రెండెకరాల రైతుకు రాయి కావాలి. ఊరి ఖబరస్తాన్‌కు రాయి కావాలి. దర్గా ఇనాం భూమికి రాయి కావాలి. అది లేనినాడు గోరీల మీద ప్లాట్లు లేస్తాయి. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కూడా రాయిని కాపాడే బాధ్యత ఆ భూమి పట్టాదారు మీదే పెట్టింది. అంటే హద్దు పక్కవాడితో మనం చేసుకున్న ఒప్పందం. నీది నేను తీసుకోను, నాది నువ్వు తీసుకోవద్దు. ఇందులో అవమానం లేదు, గౌరవముంది.

కాబట్టి తేడా ఇక్కడుంది. నేలకు హద్దు న్యాయం. మనిషికి హద్దు అన్యాయం. భూమిని కొలిచే గొలుసుతో మనిషి మనసును కొలవబోతే ఎన్ని సర్వేలు చేసినా లెక్క తేలదు. ఎందుకంటే అక్కడ రాయి పాతింది అతను కాదు, అడిగేవాడు.

పాత హద్దురాళ్ళను వెతకండి, నిలబెట్టండి. వాటిమీద ఉన్నది మాత్రమే చదవండి. లేనిది చదివి మమ్మల్ని అడగొద్దు.