విప్పలేని ముడి



ఇంగ్లీషు చదువుకునే పిల్లలకు ‘ఎనిగ్మా’ అనే మాట ఎదురవుతుంది. అంతుచిక్కని సమస్య అని దాని అర్థం. గ్రీకునుండి లతీను ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. గ్రీకులో ‘ఐనిగ్మా’ అంటే మన పొడుపుకథే. దాని మూలమైన ‘ఐనోస్’ అనే పదానికి కూడా కథ అనే అర్థం.

షేబ రాణి సొలోమోను రాజును పరీక్షించిన చిక్కుప్రశ్నలకు గ్రీకు పాత నిబంధనలో వాడిన మాట ఇదే. వాటన్నిటినీ ఆయన విప్పాడు. పునీత పౌలు కూడా కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 13:12లో ఈ మాటే వాడారు. అయితే తాను విప్పానని చెప్పలేదు. ఇప్పుడు అద్దంలోవలె మసకగా చూస్తున్నామని, ముఖాముఖి చూసే రోజు ముందున్నదని చెప్పారు. ఆనాటి అద్దం మెరుగుపెట్టిన లోహపు రేకు!

గూడూరువారికి ఇది తేలికగా బోధపడాలి. సైదాపురం గనుల అభ్రకం దిమ్మ చేతికి తీసుకోండి. మొద్దుగా, నల్లగా ఉంటుంది. పొర తరువాత పొర ఓపికగా తీస్తే వెలుగు చొరబడుతుంది. సుత్తితో మోదితే పొడి మిగులుతుంది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి ‘నాకే ఎందుకిలా?’ అని ఏడుస్తుంది. అది పొడుపుకథ కాదు. అయినా మనం విప్పబోతాం. ‘ఏ పాపమో’ అంటాం. ‘దేవుని చిత్తం’ అంటాం. ఒక అంత్యక్రియలో నేనూ అలాగే మాట్లాడాను. ఆ తల్లి ముఖం తిప్పుకుంది. తరువాత ఆ యింటికి వెళ్ళినప్పుడు ఏమీ బోధించలేదు. ఆమె ప్రక్కన కూర్చొని జపమాల చెప్పాను. లేచేటప్పుడు ఆమే, ‘మళ్ళీ రండి, స్వామీ’ అన్నది.

యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మౌనంగా అతనితో నేలమీద కూర్చున్నారు. అంతవరకు మంచి స్నేహితులే. జవాబులు మొదలుపెట్టాకే దారి తప్పారు. చివరకు దేవుని కోపం రగిలింది ప్రశ్నించిన యోబుమీద కాదు, జవాబులు చెప్పిన వారిమీద.

పౌలు ఆ మాట వ్రాసినది ప్రేమను గూర్చిన అధ్యాయంలోనే. మన తెలివి అసంపూర్ణమని ఒప్పుకుంటూనే, ప్రేమ అన్నిటికంటే గొప్పదన్నారు. కనుక ఈ వారం మీ వీధిలో దుఃఖంలో ఉన్న యింటికి వెళ్ళండి. జవాబు తీసుకొని వెళ్ళవద్దు. కాస్త అన్నం తీసుకొని వెళ్ళండి, కొంతసేపు కూర్చోండి.

ప్రభువు మిమ్ము దీవించునుగాక!