దుఃఖించుటకును స్వేచ్ఛ లేనిచో

క్రౌర్యమనగా ప్రాణము తీయుట మాత్రమేనా? అంతకు మించిన క్రౌర్యము కలదా? ప్రాచీన రోము నగరమున జరిగిన ఒక విందు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలదు.

క్రీ.శ. 37వ సంవత్సరమున గాయస్ అను యువకుడు రోము చక్రవర్తి యయ్యెను. కాలిగులా యని లోకమెరిగినది ఇతనినే. అప్పటికి ఇతని వయస్సు 24 ఏండ్లు. ప్రజలు జయధ్వానములతో స్వాగతించిరి. సెనేటు సభ సర్వాధికారములను సంతోషముగా ఇతని చేతికప్పగించెను.

సెనెకా యను తత్త్వవేత్త కోపమును గూర్చిన తన గ్రంథమున ఒక ఉదంతమును చెప్పియున్నాడు. పాస్టర్ అను ఉన్నత వర్గీయుని కుమారుడు చక్కని వేషమును, తీర్చిదిద్దిన కేశములును గలవాడు. అది సహింపక కాలిగులా అతనిని చెరలో నుంచెను. తండ్రి పుత్రభిక్ష వేడెను. ఆ వేడుకోలే మరణశాసనమయ్యెను. కుమారుని వెంటనే వధించిరి. ఆ దినముననే తండ్రికి చక్రవర్తి విందునకు పిలుపు వచ్చెను. అతడు వెళ్లెను. ఇచ్చిన మద్యమును త్రాగెను, పంపిన పూలదండను ధరించెను. అతని ముఖమును కనిపెట్టుటకు ఒక కావలివాడు నియమింపబడెను. అయినను కంట నీరు రానీయలేదు. ఏల? అతనికి ఇంకొక కుమారుడు కలడు.

మరణించినవానికి బాధ ముగిసినది. బ్రతికియున్న తండ్రి తన దుఃఖమునకు తానే సంకెల వేసికొనవలసి వచ్చినది. ఇదియే క్రౌర్యమునకు పరాకాష్ఠ. నిరంకుశుని బలము ఖడ్గమున లేదు; మనము ప్రేమించు వారియందున్నది. ఆ పంక్తిన కూర్చున్న అతిథులలో ఇంటియొద్ద అట్టి ప్రేమపాత్రుడొకడు లేనివాడెవడు? కనుకనే ఎవ్వరును నోరు మెదపలేదు.

ఆ తండ్రిని నిందింపరాదు. విందునాటికి కాలము మించిపోయినది. కాదనదగిన క్షణము అంతకు ముందెన్నడో గడచినది. సర్వాధికారములను ఒక్కని చేత బెట్టిన నాడు ఎవ్వని కుమారుడును చెరలో లేడు. ఆనాడు ఒక్క మాట చాలియుండెడిది.

క్రీ.శ. 41వ సంవత్సరమున అంగరక్షక దళాధికారులే కాలిగులాను చంపిరి. సెనేటు స్వాతంత్ర్యమును గూర్చి చర్చించుచుండగనే సైనికులు క్లాడియస్‌ను చక్రవర్తిని జేసిరి. మనిషి పోయెను, పీఠము నిలిచెను.

కావున క్రూరుని ద్వేషించుట మాత్రమే ధర్మము కాదు. అదుపులేని అధికారమును, అది చిరునవ్వుతో వచ్చినప్పుడే, నిరాకరించుట ధర్మము. ఆ నిరాకరణము ఆలస్యమైన కొలది దాని మూల్యమును మన బిడ్డలు చెల్లింతురు.