కర్మఫలమను మిష

మనుష్యు డనుభవించు దుఃఖము వాని కర్మకు ఫలమేయని చెప్పు సిద్ధాంతమునందు ఒక న్యాయనియమము గలదు: కర్మ ముందు, ఫలము వెనుక. ఈ క్రమము తలక్రిందైనచో సిద్ధాంతము నశించి, దాని పేరిట జరుగు దండన మాత్రమే మిగులును.

2025 జనవరిలో మెటా సంస్థాధిపతి మార్క్ జుకర్‌బర్గ్, ఉద్యోగులలో పనితీరున వెనుకబడిన సుమారు 5 శాతము మందిని పంపివేయనున్నట్లు ప్రకటించెను. ఫిబ్రవరిలో వేలమంది కొలువు కోల్పోయిరి. మునుపు తమకు మంచి మదింపే లభించినదని వారిలో కొందరు బహిరంగముగా మొరపెట్టుకొనిరి. ఒక్కొక్కని పనిని పరీక్షించిన పిదప అయోగ్యు లెందరో తేలవలెను గాని, పరీక్ష ముగియక మునుపే సంఖ్య నిర్ణయమైనచో, ఆ సంఖ్యను పూరించుటకై దోషులను వెదకవలసివచ్చును.

అశ్వత్థామ మరణమును గూర్చి ధర్మరాజు పలికినది పూర్తిగా అబద్ధము కాదు. ఐనను, అంతవఱకు నేలకు నాలుగంగుళములు పైన నడచిన యతని రథము భూమికి దిగెను. తొలగింపబడినవారిలో నిజముగా పనిచేయనివారును ఉండవచ్చును. ఆ కొంత సత్యము తక్కినవారిపై మోపిన అసత్యమును పావనము చేయజాలదు.

వ్యయము తగ్గించుకొనుటకై తీసివేయుచున్నామని నిజము చెప్పినచో, అది కఠినమే యైనను, పనివాడు తలయెత్తుకొని మరియొక కొలువున కేగగలడు. అసమర్థుడవని పంపుట జీతముతోపాటు ఆత్మవిశ్వాసమును గూడ హరించుట. అమెరికాలో హెచ్-1బి వీసాపై నున్న తెలుగు యువకునకు కొలువు పోయిన పిదప 60 దినములకు మించని గడువు. ఆ స్వల్పావధిలో బ్రదుకుదెరువుతోపాటు తన నిర్దోషత్వమును గూడ నిరూపించుకొను భారము వానిపై పడుట నాకు దుస్సహముగా తోచుచున్నది.